బుధుడి కార్డు

మా ఊరు వాన్‌బర్గ్ స్కూలు వంటింట్లో ముప్పై రెండేళ్ళు గరిటె తిప్పిన ఆర్డిస్ టోలెఫ్సన్, మా వారపత్రికలో ఇరవై రెండేళ్ళు ఆకాశం గురించి రాసింది. అన్నేళ్ళలో ఒకే ఒక్క పెద్ద తప్పు చేసింది. ఆ తప్పుకి ఊళ్ళో ఒక్కరు కూడా ఆవిడని పల్లెత్తు మాట అనలేదు. అందుకే ఇది రాస్తున్నాను. అనాల్సిన మాటల్లో సగం నాకు రావాల్సినవి.

ఒకటో తరగతిలో పళ్ళెం పట్టుకుని ఆవిడ ముందు వరసలో నిలబడిన రోజునుంచీ నేను ఆవిడకి "ఒరే కీత్"ని. మా నాన్న పోయి పత్రిక నా చేతికొచ్చింది, జుట్టు ఊడింది, మనవరాలు పుట్టింది. పిలుపు మాత్రం మారలేదు. "వీడు ఉడికించిన బఠానీలు తినలేక చొక్కా జేబులో వేసుకునేవాడు" అని ఆఫీసుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. నిజమే. ఇప్పటికీ తినను.

ఆవిడ రాయడం మొదలైంది పోట్లాటతో. తొంభై ఏడులో పెద్ద తోకచుక్క వచ్చినప్పుడు మా నాన్న దాని ఫోటో వేసి, కింద "వాన్‌బర్గ్ మీద రాలుతున్న నక్షత్రం" అని రాశాడు. మర్నాడు మధ్యాహ్నం ఆర్డిస్ వంటింటి ఏప్రన్‌తోనే ఆఫీసుకొచ్చేసింది.

"అది రాలడం లేదండీ. నెల రోజులుగా అక్కడే ఉంది. రాలుతున్నదే అయితే ఈపాటికి మీ నెత్తిన పడుండేది."

"అంత తెలిసినదానివి నువ్వే రాయరాదూ?" అన్నాడు మా నాన్న.

రాసింది. వారం తప్పకుండా, ఆరో పేజీ కింద, ఎడమ పక్క. కాలేజీ గడప తొక్కలేదు. ఆవిడకి తెలిసిన కొలతలన్నీ వంటింటివి, వాటితోనే ఆకాశం కొలిచేది. గురుడి నాలుగు చందమామలు మధ్యాహ్నం భోజనాల వరసలో పిల్లల్లా నిలబడతాయనీ, వాళ్ళలో ఒకడు ఎప్పుడూ పెద్దాయన వెనక దాక్కుంటాడనీ రాసింది. శని చుట్టూ ఉన్న వలయం ఎంత పలచనంటే, ఊరంత వెడల్పు లెఫ్సె రొట్టెని కాగితమంత పలచగా ఒత్తినట్టట. "చిరక్కుండా ఒత్తగలిగినవాళ్ళు నాకు ఫోను చెయ్యండి" అని కింద చేర్చింది. ముగ్గురు చేశారు. మా ఊళ్ళో లెఫ్సె విషయంలో ఎవరూ తగ్గరు.

లెక్కలన్నీ వంట కార్డుల మీద వేసేది. రేకు డబ్బాలో మొక్కజొన్న గుజ్జు కూర కార్డు, దాని వెనక చంద్రగ్రహణం కార్డు, దాని వెనక గుమ్మడికాయ బార్లు అనే తీపి ముక్కల కార్డు. ఒకసారి పనికొచ్చిన లెక్క మళ్ళీ పనికొస్తుందని ఏ కార్డునీ పారేసేది కాదు. పప్పు కొలత ఏడాదికోసారి మారదు కదా అనేది.

ఆ ఆరో పేజీని ఊళ్ళో చాలామంది చదివేవారు గాని, ఆవిడ రాసేది నిజానికి ఒక్కడి కోసమని నా అనుమానం. ఆయన వెండెల్ ఓస్తెబో. కొరియా యుద్ధం నుంచి తిరిగొచ్చి ఊరికి ఉత్తరాన నలభై ఎనిమిదేళ్ళు పాడి నడిపాడు. ఒక చలికాలమంతా పాల గదిలో కూర్చుని ఆరంగుళాల గాజుబిళ్ళని చేత్తో అరగదీసి టెలిస్కోపు చేసుకున్నాడు. ముసలితనంలో కేర్ హోమ్‌కి వెళ్ళేటప్పుడు దాన్ని ఆర్డిస్‌కి ఇచ్చేశాడు.

మా పత్రిక బుధవారం వస్తుంది. ఆ పొద్దున పదింటికి ఆర్డిస్ తన కాపీ కోసం ఆఫీసులో ఉంటుందని వెండెల్‌కి తెలుసు. సరిగ్గా పదింటికి ఫోను చేస్తాడు. ఆవిడకి చెవి కాస్త మందం గనక స్పీకరు పెడతాం. అలా నేనూ వింటాను, విననట్టు నటిస్తాను.

"అమ్మాయ్, చదివాను" అని మొదలుపెడతాడు. డెబ్భై దాటాక కూడా ఆవిడ ఆయనకి అమ్మాయే.

మొదటి పదేళ్ళు ఖగోళ పంచాంగం పక్కన పెట్టుకుని, పెన్సిల్‌తో ఆవిడ అంకెలన్నీ సరిచూసి మరీ ఫోను చేసేవాడు. "చంద్రోదయం నాలుగు నిమిషాలు తేడా" అనేవాడు. ఆవిడ పళ్ళు నూరుకుంటూ ఇంటికెళ్ళి మళ్ళీ లెక్క వేసేది. ఆయన చెప్పిందే రైటయ్యేది. 2008లో ఒక బుధవారం అన్నాడు: "అమ్మాయ్, నీ అంకెల్లో నాకు తప్పు దొరికి ఏడాదైంది. పెన్సిల్ లోపల పెట్టేశాను. ఇంక సరిచూడను."

ఆర్డిస్ ఫోను పెట్టేసి గోడ వైపు తిరిగి కాసేపు నిలబడింది. మధ్యాహ్నం రబార్బ్ కేకు చేసుకొచ్చి ఆఫీసులో అందరికీ పంచింది. ఎందుకంటే చెప్పలేదు. బిల్లు కట్టడానికి వచ్చిన కొత్త మనిషికి కూడా పెట్టింది.

వెండెల్ అన్ని గ్రహాలూ చూశాడు, ఆ పాల గది టెలిస్కోపులో నెప్ట్యూన్‌ని కూడా పట్టాడు. చూడనిది బుధుడొక్కణ్ణే. బుధుడు సూర్యుడి కొంగు వదలడు. సూర్యోదయానికి కాస్త ముందు, అస్తమయానికి కాస్త తర్వాత, నేలకి దగ్గరగా కనిపించి వెంటనే పోతాడు. పాడి రైతుకి ఆ రెండు వేళలూ కొట్టంలో ఆవుల పొదుగుల దగ్గరే గడుస్తాయి. "నా ఆవులు ఖగోళం చదువుకోలేదు. వాటికి వేళంటే వేళే" అనేవాడు. పాడి మానేశాక భార్య ఐనెజ్‌కి పక్షవాతం వచ్చింది, తొమ్మిదేళ్ళు సాయంత్రాలన్నీ ఆవిడ మంచం పక్కనే గడిచాయి. ఆవిడ పోయేసరికి ఆయన కళ్ళు పోయినంత పనయింది. మసక చుక్కలు ఇక ఆనేవి కావు. తెల్ల కాగితం మీద నల్ల అక్షరం మాత్రం ఆనేది, అందుకే పత్రిక చదవగలిగేవాడు.

అందువల్ల ఆయనకి మిగిలిన దారి ఒక్కటే. ఎప్పుడో, ఒకోసారి మూడేళ్ళకే, ఒకోసారి ముప్పై ఏళ్ళకి, బుధుడు పట్టపగలు సూర్యుడి ముందునుంచి నడిచి వెళ్తాడు. తెల్లటి బిళ్ళ మీద నల్లటి చుక్క. అదైతే వెండెల్ చూడగలడు. 2016 మే నెలలో ఒకటి వచ్చింది. ఆర్డిస్ ఆయన్ని కేర్ హోమ్ పచ్చికలో కుర్చీలో కూర్చోబెట్టింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ముసురు. ఇద్దరూ దుప్పటి కప్పుకుని శాండ్‌విచ్‌లు తిని లోపలికెళ్ళిపోయారు. ఇంకోటి 2019 నవంబరు పదకొండున ఉందని, ఆ రోజు నుంచే ఎదురుచూడటం మొదలుపెట్టారు. అది దాటితే, ఇక్కడి నుంచి కనిపించేది మళ్ళీ 2049లో. వెండెల్‌కి అప్పటికే ఎనభై ఎనిమిది.

ఖగోళ పంచాంగాల్లో సమయాలన్నీ గ్రీనిచ్ లెక్కలో ఉంటాయి. అందులోంచి మాకు వేసవిలో ఐదు గంటలు తీసెయ్యాలి. నవంబరు మొదటి ఆదివారం, చలికాలం కోసం దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నాక ఆరు తీసెయ్యాలి. అక్టోబరు చివర్లో ఒక మధ్యాహ్నం ఆర్డిస్ నవంబరు నెల నాలుగు వారాలవీ ఒకేసారి రాయడానికి కూర్చుంది. డబ్బా తెరిస్తే 2016 మే నెల నాటి బుధుడి కార్డు దొరికింది. దాని నెత్తిన ఆవిడ గుండ్రటి అక్షరాలే: "ఐదు తీసెయ్యాలి." తీసేసింది.

అది అక్టోబరు ముప్పై సంచికలో వచ్చింది. నాకు ఇప్పుడు చూడకుండా చెప్పడం వచ్చేసింది:

"నవంబరు పదకొండు, సోమవారం, బుధుడు సూర్యుణ్ణి దాటుతాడు. అన్నం తినే పళ్ళెం మీద ఒక్క గసగసాల గింజ పెట్టి చూడండి, అంతే ఉంటాడు. వట్టి కళ్ళతో సూర్యుణ్ణి చూడకండి, కళ్ళు పోతాయి. లైబ్రరీ ముందు నల్ల ఫిల్టరు తొడిగిన టెలిస్కోపు పెడతాను. పొద్దున ఏడూ ముప్పై అయిదుకి మొదలు, మధ్యాహ్నం ఒంటిగంటా నాలుగు నిమిషాలకి ఆఖరు. కంగారు పడక్కర్లేదు. ముందు స్కూలు జిమ్‌లో మన మాజీ సైనికుల సభకి వెళ్ళండి, తర్వాత రండి. అప్పటికి ఇంకా గంట మిగిలి ఉంటుంది. ఇది కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించుకోండి."

అదే సంచిక, మొదటి పేజీ నెత్తిన, నేను గళ్ళ అంచుతో వేసిన ప్రకటన: "ఈ ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుకోండి." మొదటి పేజీ సరిచూసింది నేనే. ఆరో పేజీ సరిచూసింది నేనే. రెంటికీ మధ్య కాఫీ చల్లారేంత సేపు కూడా లేదు.

ఆ బుధవారం పదింటికి వెండెల్ ఫోను చేశాడు.

"అమ్మాయ్, చదివాను. ఆ రోజు పేర్లు చదివేది నేనే కదా. ఈసారికి ఇంకెవరినైనా చదవమననా? పొద్దున్నే నీ దగ్గరకొచ్చి కూర్చుంటాను."

పేర్లంటే మా ఊరినుంచి యుద్ధాలకి వెళ్ళి తిరిగిరానివాళ్ళవి. అరవై ఒకటి. ముప్పై ఏళ్ళుగా ఆయనే చదువుతున్నాడు.

"ఎందుకండీ? మీరే చదవండి. మీరు చదవకపోతే ఊరుకుంటారా జనం?" అంది ఆర్డిస్. "సభ పన్నెండుకల్లా అయిపోతుంది. తర్వాత గంట ఉంది. బోలెడంత."

"మబ్బు పడితేనో?"

"పడితే చీపురు తీసుకుని నేనే ఊడుస్తా."

ఆయన నవ్విన నవ్వు స్పీకర్లో గరగరమంది. "సరే అయితే. నువ్వు చెప్పావుగా" అన్నాడు.

ఆ సోమవారం గాలి చెవులు కోసేస్తోంది. ఆర్డిస్ చీకటితోనే లైబ్రరీ ముందు టెలిస్కోపు పెట్టుకుని, మీద రెండు కోట్లు వేసుకుని కూర్చుంది. మబ్బు. ఏడూ ముప్పై అయిదుకి మబ్బు, తొమ్మిదింటికి మబ్బు, పదకొండింటికీ మబ్బే. లైబ్రేరియన్ పదిసార్లు కాఫీ తెచ్చిచ్చి పదిసార్లూ పైకి చూసి లోపలికెళ్ళిపోయింది. పదకొండూ ముప్పై ఎనిమిదికి దక్షిణాన మబ్బు చీలింది. ఆర్డిస్ కన్ను పెట్టింది.

గింజ ఉంది, నల్లగా, గుండ్రంగా. కాని ఉండాల్సిన చోట లేదు. ఇంకా గంటన్నర నడవాల్సిన గ్రహం పళ్ళెం అంచుకి ఆనుకోబోతోంది.

ముందు టెలిస్కోపుని అనుమానించిందట. తర్వాత తన కంటిని. తర్వాత వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఆరో వేలు దగ్గర ఆగిపోయింది. పన్నెండూ నాలుగుకే అయిపోతుంది. అంటే చేతిలో ఉన్నది ఇరవై ఆరు నిమిషాలు.

తుంటి ఎముక మార్పించుకున్న డెబ్భై ఒక్కేళ్ళ మనిషి మంచు మీద రెండు వీధులు పరిగెత్తింది. నేను జిమ్‌లో గోడ పక్కన కెమెరాతో నిలబడి ఉన్నాను. చట్టసభ సభ్యుడొకాయన పది నిమిషాలన్న ఉపన్యాసాన్ని ముప్పై నిమిషాలు సాగదీసి అప్పుడే దిగాడు. ఆయన పేరు రాయను, రాస్తే అదే ప్రచారం అనుకుంటాడు. వెండెల్ చక్రాల కుర్చీలో మైకు ముందు ఉన్నాడు. పేరు చదువుతాడు, గంట ఒక్కసారి మోగుతుంది, ఆ మోత పూర్తిగా ఆగేదాకా ఆగి, ఇంకో పేరు.

ఆర్డిస్ నా మోచెయ్యి పట్టుకుంది. 

"ఒరే కీత్, ఒక గంట తప్పు రాశాన్రా. గడియారాలు మారాయిరా. పన్నెండూ నాలుగుకే అయిపోతుంది."

నాకు గళ్ళ అంచు కళ్ళముందు కనబడింది.  జిమ్ గోడ మీది గడియారం పదకొండూ నలభై అయిదు చూపిస్తోంది. దాన్ని వెనక్కి తిప్పింది స్కూలు వాచ్‌మన్, నా ప్రకటన చూసే తిప్పి ఉంటాడు.

"వెళ్ళి చెవిలో చెప్పనా? ఆపమననా?" అన్నాను.

ఆవిడ వేదిక వైపు చూసింది. ముందు వరసలో నల్ల కోట్లు వేసుకున్న ముసలివాళ్ళు, వాళ్ళ అన్నల పేర్లో తమ్ముళ్ళ పేర్లో వినడానికి వచ్చినవాళ్ళు. వెండెల్ పంతొమ్మిదో పేరు చదివాడు. గంట మోగింది.

"ఎవరి పేరు దగ్గర ఆపుతావురా?" అంది.

 కనీసం టెలిస్కోపునైనా ఇక్కడికి తెద్దామని పరిగెత్తాను. నేనూ లైబ్రేరియనూ కలిసి దాన్ని పికప్‌లో దుప్పటి మీద పడుకోబెట్టి, జిమ్ దక్షిణ గుమ్మం ముందు దించేసరికి పదకొండూ యాభై ఏడు. ఆర్డిస్ బయటికొచ్చి గొట్టం తిప్పి సూర్యుణ్ణి పట్టింది. చేతులు గడ్డకట్టి మర తిరగడం లేదు, నోటితో ఊదుకుని మళ్ళీ తిప్పింది.

"ఉందా?" అన్నాను.

"ఉంది. అంచు దగ్గర. వెళ్ళి తీసుకురా ఆయన్ని, పో."

లోపల పేర్లు అయిపోయాయి. కాని బాకా ఊదాలి. గౌరవ వందనానికి తుపాకులు పేలాలి. ఆ తర్వాత పాస్టరు ప్రార్థన. ఆ పాస్టరు మంచివాడు, కాని ఆ రోజు దేవుడికి ఆయన చెప్పుకున్నదంతా నాకు ముల్లులా గుచ్చుకుంది. "ఆమెన్" అనేసరికి పన్నెండూ రెండు.

వెండెల్ దగ్గరికి వెళ్దామంటే జనం. మా ఊళ్ళో ఎవరూ ఊరికే వెళ్ళిపోరు. చెయ్యి పట్టుకుంటారు, బాగా చదివావంటారు, మోకాలు ఎలా ఉందంటారు, గుమ్మం దగ్గర మళ్ళీ మొదలుపెడతారు. లూథరన్ చర్చి ఆడవాళ్ళు నలుగురు ఆయన కుర్చీ చుట్టూ నిలబడి, నిమ్మకాయ బార్ల పళ్ళెం ఒళ్ళో పెట్టారు. "కాస్త తప్పుకుంటారా, ఆయన బయటికి రావాలి" అన్నాను. "దానికేం కీత్, తప్పకుండా" అంటూనే ఒక్కొక్కరూ ఆయన చెయ్యి మళ్ళీ నొక్కారు. నేను అరవాల్సింది. అరవలేదు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాడికి జిమ్‌లో అరవడం చేతకాదు. కుర్చీ తోసుకుంటూ గుమ్మం దాటేసరికి పన్నెండూ ఆరు.

ఆర్డిస్ టెలిస్కోపు పక్కన నిలబడి ఉంది. కన్ను పెట్టి లేదు. అది చూస్తేనే నాకు తెలిసిపోయింది.

వెండెల్‌కి తెలియదు. మొహం చిన్నపిల్లాడిలా వెలిగిపోతోంది. బార్ల పళ్ళెం నాకిచ్చి, ముందుకు వంగి కన్ను పెట్టాడు. మర తానే కాస్త తిప్పుకున్నాడు. ఆ టెలిస్కోపు చేసింది ఆయనే కదా.

"ఎక్కడమ్మాయ్?"

"వెళ్ళిపోయిందండీ."

ఆయన కన్ను తీయలేదు.

"రెండు నిమిషాలైంది. మీరు రావడానికి ముందే. తప్పు నాదే. ఆరు తీసెయ్యాల్సింది ఐదు తీశాను. గడియారాలు మారాయని మరిచాను." ఒక్కో మాటా విడివిడిగా, మందుల చీటీ చదివినట్టు చెప్పింది. "పేర్లు మీరే చదవండని చెప్పిందీ నేనే."

గాలికి జెండా తాడు స్తంభానికి కొట్టుకుంటోంది. ఆయన అలాగే చాలాసేపు చూశాడు. మరక లేని తెల్లటి పళ్ళెం. ఆ ఏడాది సూర్యుడి మీద మచ్చలు కూడా దాదాపు లేవు.

"పేర్లు మెల్లగా చదివాను" అన్నాడు చివరికి. "ఎనభై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇంకాస్త గబగబా చదవచ్చు కదా."

"చదవాల్సినట్టే చదివారు."

"ఊఁ." కన్ను తీశాడు. చలికి నీళ్ళు కారుతున్నాయి, చలికేనని అనుకున్నాను. "చాలా చలిగా ఉంది. నువ్వు టోపీ కూడా పెట్టుకోలేదు" అన్నాడు ఆవిడతో.

ఆ తర్వాత జనం వచ్చారు. ఫ్రిజ్ మీద అంటించిన ముక్క చేతిలో పట్టుకుని ముప్పై మందిదాకా. ఆర్డిస్ అందరికీ ఒకే మాట చెప్పింది: అయిపోయింది, తప్పు నాది. అందరూ ఒకే జవాబిచ్చారు: "అయ్యో, అంత పెద్ద విషయమేం కాదులే ఆర్డిస్." కొందరు బార్లు పెట్టారు. ఒకావిడ, ఫోటోలు ఇంటర్నెట్లో ఉంటాయిలే అంది.

గొట్టం దుప్పట్లో చుడుతూ ఆర్డిస్ నన్నడిగింది. "ఒరే, ఇంతమందిలో ఒక్కరైనా తిట్టరేంట్రా?"

"నేను తిట్టనా?"

"నువ్వెలా తిడతావురా. ఆ గళ్ళ పెట్టె వేసింది నువ్వేగా."

అది నన్ను తిట్టినట్టే. నిజం చెప్పాలంటే కాస్త ఊరటగా కూడా అనిపించింది. ఆవిడకి ఆ ఊరట ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున్నే దిద్దుబాటు రాసుకొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా ఆవిడ అలవాటు అది. "అక్టోబరు ముప్పైన నేనిచ్చిన సమయాలు ఒక గంట తప్పు. గడియారాలు మారతాయని మరిచాను. బుధుడు మళ్ళీ సూర్యుణ్ణి దాటేది 2032 నవంబరులో." కింద నేను "సరిచూసిన సంపాదకుడి తప్పు కూడా" అని చేర్చాను. పెన్ను లాక్కుని కొట్టేసింది. "ఈ పేజీ నాది" అంది. ఆ 2032 అంకె నేను సరిచూడలేదు. చూసినా నాకు తెలిసేది కాదు.

బుధవారం పది అయింది. ఆర్డిస్ కోటు విప్పకుండా కూర్చుంది. ఫోను మోగింది, స్పీకరు నొక్కాను.

"అమ్మాయ్, చదివాను."

"ఊఁ."

"దిద్దుబాటులో తప్పుంది."

ఆవిడ కుర్చీ ఫోను దగ్గరికి జరుపుకుంది.

"2032ది ఇక్కడ కనబడదు. అప్పుడు మనకి రాత్రి. ఇక్కడి నుంచి కనబడేది 2049, మే ఏడు."

"తెలుసండీ."

"తెలిసే రాశావా?"

"మీరు చదువుతారని" అంది. "ముప్పై ఏళ్ళని రాయడానికి చెయ్యి రాలేదు. పదమూడంటే కాస్త తక్కువ కదా అని."

 కేర్ హోమ్‌లో ఎవరిదో టీవీ వినబడింది.

"నేను చదువుతాననే కదమ్మాయ్, సరిగ్గా రాయాల్సింది" అన్నాడు. "నర్సు చేత పెన్సిల్ వెతికించాను. డ్రాయరు అడుగున ఉంది. ఇకనుంచి సరిచూస్తాను. కోపంతో కాదు."

"తెలుసు. చూడండి."

"వచ్చే వారానిది ఏం రాశావు?"

"కృత్తికలు."

"మంచిది. ఉంటాను."

ఆర్డిస్ ఫోను వైపే చూస్తూ ఉండిపోయింది. ఈసారి గోడ వైపు తిరగలేదు. నేను కాఫీ పోసిస్తే ముట్టుకోలేదు. నాలుగు గ్రహాల మీదా నలభై తోకచుక్కల మీదా ఊరికి పాఠం చెప్పిన మనిషికి, రెండు వారాల కిందటి ఒక అంకెని వెనక్కి తిప్పడం చేతకాలేదు. గడియారమైతే ఎవరైనా తిప్పుతారు.

"రాసుకోరా" అంది కాసేపటికి. "వచ్చేవారం వెయ్యి. 'పోయినవారం ఇచ్చిన దిద్దుబాటులో తప్పుంది. ఇక్కడి నుంచి కనబడేది 2049 మే ఏడున.' అంతే, ఇంకేం చేర్చకు."

రాసుకున్నాను.

"అప్పటికి నీకెన్నేళ్ళొస్తాయిరా?"

"ఎనభై రెండు."

"అయితే నువ్వు చూస్తావు." చేతిసంచిలోంచి వంట కార్డు తీసి నా బల్ల మీద పెట్టింది. మూలలు నలిగి, ఒక పక్క నూనె మరకతో, పైన "ఐదు తీసెయ్యాలి" అని ఉంది. "దాచుకో. మే నెలకి ఇది రైటే."

కోటు విప్పనే లేదు గనక అలాగే లేచి వెళ్ళిపోయింది. తన కాపీ బల్ల మీద మరిచిపోయింది.